ఏజెన్సీలో ఉంటూ, పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీ పూర్తిచేయడం ఎలా?

"పెళ్లై ఎనిమిదేళ్లయింది మేడం. ఇద్దరు పిల్లలు. ఇంటర్ పాసయ్యాను. ఇప్పుడు డిగ్రీ చదవనిస్తారా?" పాడేరు వైపు నుంచి అడుగుతారు, ఉట్నూరు వైపు నుంచి అడుగుతారు, చింతూరు, ఏటూరునాగారం నుంచీ అడుగుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న కాబట్టి జవాబు ఒకచోట రాసి పెడుతున్నాను.

చదవనిస్తారు. ఓపెన్ యూనివర్సిటీలో చేరడానికి ఇంత వయసు దాటకూడదన్న నిబంధన లేదు. పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగేవాళ్లూ లేరు. అయితే చేరినవాళ్లందరూ పూర్తిచేయడం లేదు. నేను చూసినంతవరకు పాఠం అర్థంకాక మానేసినవాళ్లు తక్కువ. ఇంటిపేరు తేడా వచ్చి, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు పోయి, రెండో ఏడాది ఫీజు గడువు దాటిపోయి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ పుస్తకాల కంటే కాగితాల గురించి, ఏడాదిలో పనుల కాలం గురించి ఎక్కువ చెబుతాను.

చేతిలో ఉండాల్సినవి

- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో (ఒరిజినల్స్)
- ఆధార్ కార్డు, దానికి మీ సొంత ఫోన్ నంబరు లింకై ఉండాలి
- ఎస్టీ కుల ధ్రువీకరణ పత్రం
- మీ పేరున బ్యాంకు ఖాతా
- పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, తెల్ల కాగితం మీద మీ సంతకం
- మీ పేరున ఒక ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ రాసిపెట్టుకున్న పుస్తకం
- అన్ని కాగితాలూ తడవకుండా పెట్టుకోడానికి జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్

పదో తరగతి మెమో పోయిందా? ముందు ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల యాప్ డిజిలాకర్‌లో వెతకండి, కొన్ని సంవత్సరాల మెమోలు అందులో దొరుకుతాయి. లేకపోతే మీరు చదివిన ఆశ్రమ పాఠశాలకో, హైస్కూలుకో వెళ్లి హెడ్మాస్టర్ ద్వారా డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టాలి. దీనికి నెలలు పట్టవచ్చు. అడ్మిషన్ల ప్రకటన వచ్చాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టండి.

1. ఎక్కడ ఆగారో తేల్చుకోండి

పదో తరగతితో ఆగితే నేరుగా డిగ్రీ కుదరదు. ఒకప్పుడు ఓపెన్ యూనివర్సిటీలో అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేవారు. ఆ దారి ఇప్పుడు లేదు. ఎవరైనా "ఇంటర్ లేకపోయినా చేర్పిస్తాం" అంటే నమ్మకండి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలోనో, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీలోనో ఇంటర్ పూర్తిచేసి రండి. ఆ ఇంటర్ డిగ్రీకి చెల్లుతుంది.

ఇంటర్ పాసైతే ఈ మెట్టు దాటినట్టే.

డిగ్రీ మధ్యలో ఆగినవాళ్లు మాత్రం పాత కాలేజీకి ఒకసారి వెళ్లిరండి. చాలా యూనివర్సిటీల్లో కోర్సు కాలం మీద మరో రెండేళ్లు గడువు ఉంటుంది. అది దాటితే మిగిలిన పేపర్లు మామూలుగా రాయనివ్వరు, అప్పుడప్పుడు ప్రత్యేక అవకాశం ఇస్తారు. ఒకటో రెండో పేపర్లే మిగిలి ఉంటే ఆ అవకాశం గురించి అడగండి. సగానికి పైగా మిగిలితే కొత్తగా చేరడమే మేలని నా అభిప్రాయం. పాత సిలబస్ పుస్తకాలు ఏజెన్సీలో వెతికి పట్టుకోవడం పెద్ద పని.

2. పేరు సరిచేసుకోండి

అన్నిటికంటే ఎక్కువమందిని ఆపేది ఇదే. పదో తరగతి మెమోలో "కొర్రా లక్ష్మి" అని ఉంటుంది. పెళ్లయ్యాక రేషన్ కార్డు కోసం, ఉపాధి హామీ జాబ్ కార్డు కోసం ఆధార్‌లో "వంతల లక్ష్మి" అని మార్పించుకుంటారు. ఇప్పుడు డిగ్రీ అప్లికేషన్ ఆధార్‌తో కలుస్తుంది, డిగ్రీ పట్టా మాత్రం పదో తరగతి మెమో ప్రకారం వస్తుంది. రెండూ వేరైతే ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

మెమోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కుల పత్రం పక్కపక్కన పరిచి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. ఇంగ్లీష్ స్పెల్లింగ్ కూడా చూడండి.

తేడా ఉంటే పదో తరగతి మెమోనే ఆధారం. దాని ప్రకారం ఆధార్ మార్చుకోవడం తేలికైన దారి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒకేసారి మార్చుకునే వీలుంది. ఇప్పటికే ఒకసారి పేరు మార్పించుకుని ఉంటే మిగిలింది ఒక్క అవకాశమే కాబట్టి ఆపరేటర్ టైప్ చేసింది స్క్రీన్ మీద మీరే చదివాకే ఒప్పుకోండి. ఆధార్ మారాక బ్యాంకులో, రేషన్ కార్డులో, జాబ్ కార్డులో కూడా మార్పించండి. ఇది మరిచిపోతే ఉపాధి కూలి డబ్బులు పడడం ఆగిపోవచ్చు. చదువు కోసమని కూలి డబ్బు ఆగితే ఇంట్లో మొదటి రోజే వ్యతిరేకత మొదలవుతుంది.

ఆధార్ మార్చుకునే వీలే లేకపోతే, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్, వివాహ ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. అప్లికేషన్ పెట్టేముందే ఆ యూనివర్సిటీ ప్రాంతీయ కేంద్రానికి చూపించి సరిపోతుందో లేదో అడగండి.

3. కుల పత్రం పుట్టింటి నుంచి, ఆదాయ పత్రం ఇప్పటి ఇంటి నుంచి

కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. కాబట్టి ఎస్టీ పత్రం తండ్రి పేరుతోనే ఉండాలి. అత్తగారి ఊరి సచివాలయంలోనో, మీసేవలోనో భర్త పేరు పెట్టి దరఖాస్తు చేస్తే తిరస్కరిస్తారు. పుట్టింటి మండలంలో పెట్టాలి, తండ్రిదో అన్నదమ్ములదో పాత కుల పత్రం జతచేస్తే పని త్వరగా అవుతుంది. ఆదాయ పత్రం మాత్రం ఇప్పుడు మీరుంటున్న కుటుంబానిది.

సరిహద్దు దాటి కోడలిగా వచ్చినవాళ్లు ఒక విషయం గమనించాలి. ఎస్టీ జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోనో ఒడిశాలోనో పుట్టి ఇటు వస్తే అక్కడి పత్రంతో ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ రాయితీలు రావు. కేంద్ర సంస్థల్లో మాత్రం అది చెల్లుతుంది. అలాంటివాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో నయం. 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపువాళ్ల దగ్గర ఖమ్మం జిల్లా పేరున్న పాత పత్రాలుంటాయి. ఇప్పటి మండల కార్యాలయంలో కొత్తది తీసుకోండి.

4. ఎక్కడ చేరాలి?

తెలుగులో చదివి తెలుగులో పరీక్ష రాయాలనుకుంటే తెలంగాణవాళ్లకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మంచిది. 1982లో మొదలైన ఈ యూనివర్సిటీ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పుస్తకాలు తెలుగులో ఉంటాయి, పాఠాలు తెలంగాణ ప్రభుత్వ టీవీ చానల్ టీ-శాట్‌లోనూ వస్తాయి. గోండు, కోయ, చెంచు విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేకుండా చదువు చెబుతామని 2025లో ప్రకటించింది. చేరేటప్పుడు ఆ మినహాయింపు గురించి మీ స్టడీ సెంటర్‌లో నోరు తెరిచి అడగండి. అడగకపోతే మామూలు ఫీజు కట్టించుకునే అవకాశం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ, ఆచార్య నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య విభాగాలు చూడండి.

ఇగ్నో రెండు రాష్ట్రాలవారికీ ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి చేర్చుకుంటారు. ఎస్సీ, ఎస్టీలకు కొన్ని కోర్సుల్లో ఫీజు మినహాయింపు ఉంది, అదీ ఒక కోర్సుకే. పరీక్ష ఫీజు మాత్రం కట్టుకోవాల్సిందే. చిక్కల్లా భాషతోనే. పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లీష్, హిందీల్లో ఉంటాయి. ఇంట్లో కువి, కోయ, గోండి మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, పదేళ్ల విరామం తర్వాత మూడో భాషలో డిగ్రీ చదవడం అంటే మామూలు బరువు కాదు. ఇంగ్లీష్ పేజీ చదివి సగమైనా అర్థమైతేనే అటు వెళ్లండి.

దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉండి, ఇంట్లో పిల్లల్ని చూసేవాళ్లుంటే రెగ్యులర్‌గానూ చేరవచ్చు. తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానమైన దోస్త్ ద్వారా, ఆంధ్రలో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా సీట్లు ఇస్తారు. మధ్యలో గడిచిన సంవత్సరాలకు గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. గర్భిణులకు, బాలింతలకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని 2021 డిసెంబర్‌లో యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) యూనివర్సిటీలకు లేఖ రాసింది. మీ కాలేజీలో అడిగేటప్పుడు ఆ లేఖ ప్రస్తావించండి. స్కాలర్‌షిప్ (తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి) రెగ్యులర్ కోర్సులకే వస్తుంది, దూరవిద్యకు మామూలుగా రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని లెక్కేసుకుని దూరవిద్యలో చేరకండి.

ఏ యూనివర్సిటీ అయినా సరే, డబ్బు కట్టేముందు యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఈ ఏడాది ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూడండి. గుర్తింపు యూనివర్సిటీకి మాత్రమే కాదు, కోర్సుకూ ఉండాలి. సంతలో కరపత్రం పంచి "ఒకే ఏడాదిలో డిగ్రీ" అనేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

5. గ్రూపు ఎంచుకోవడం

చదివాక ఏం చేయాలనుకుంటున్నారో ఆ ఉద్యోగపు పాత నోటిఫికేషన్ ఒకటి తెప్పించుకుని, అందులో అడిగిన డిగ్రీ ఏమిటో చూసి గ్రూపు ఎంచుకోండి. అంగన్‌వాడీ టీచర్లుగా ఉన్నవాళ్లు సూపర్‌వైజర్ పోస్టు కోసం చదువుతుంటారు, వాళ్లకు ఇది మరీ ముఖ్యం. బీఈడీ ఆలోచన ఉంటే డిగ్రీలో చదివిన సబ్జెక్టులే మీ మెథడాలజీని (బడిలో మీరు బోధించబోయే సబ్జెక్టును) నిర్ణయిస్తాయి, ఎస్టీలకు డిగ్రీలో 40 శాతం మార్కులు ఉండాలి.

ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా ఆ భరోసాతోనే సలహా ఇస్తారు. పాస్ మార్కులతో గట్టెక్కితే చాలదు, మంచి మార్కులు కావాలి.

చంటిబిడ్డ ఉంటే సైన్స్ గ్రూపు వద్దంటాను. ప్రాక్టికల్స్ అన్ని కేంద్రాల్లోనూ జరగవు, రోజుల తరబడి పట్నంలో ఉండాల్సి వస్తుంది.

6. అప్లికేషన్

దూరవిద్యలో చేరాలంటే ఇప్పుడు రెండు ఐడీలు కావాలి. మొదట డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దాంతో యూజీసీ సైట్‌లో డీఈబీ ఐడీ (దూరవిద్య విద్యార్థి నంబరు). రెండూ ఆధార్ పేరుతోనే వస్తాయి. రెండో మెట్టు ముందు పెట్టింది ఇందుకే.

ఎక్కువమంది సంత రోజున పట్నంలో నెట్ సెంటర్‌కు వెళ్లి అప్లై చేయిస్తారు. అక్కడ జరిగే నష్టం ఒకటుంది. పని త్వరగా అవుతుందని ఆపరేటర్ తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ పెట్టేస్తాడు. ఆ తర్వాత హాల్‌టికెట్ మెసేజ్, ఫీజు గడువు మెసేజ్ అన్నీ అతనికే వెళ్తాయి. ఆరు నెలల తర్వాత అతను దుకాణం మూసేస్తే మీ అడ్మిషన్ తాళం అతని దగ్గరే ఉండిపోతుంది. మీ నంబరు, మీ ఈమెయిల్ పెట్టించండి. భర్త ఫోన్ నంబరు పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు, ఆయన వలస పనికి వెళ్తే ఓటీపీ ఆయనతోపాటే వెళ్తుంది. నెలకోసారైనా రీఛార్జ్ చేసే మీ సొంత సిమ్ ఉండాలి.

సబ్మిట్ నొక్కేముందు ఫొటో, సంతకం, మాధ్యమం, స్టడీ సెంటర్ పేరు మీరే చదవండి. తెలుగు మాధ్యమం అనుకుని ఇంగ్లీష్ టిక్ పడితే పుస్తకాలు వచ్చేదాకా తెలియదు. స్టడీ సెంటర్‌గా దూరంలో దగ్గరున్నది కాదు, నేరుగా బస్సున్న ఊరు పెట్టుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీలో మహిళలకు ప్రయాణం ఉచితం. జీపుకో ఆటోకో వారం వారం డబ్బు పెట్టే కంటే బస్సు దారిలో ఉన్న సెంటరే నడుస్తుంది.

7. ఏడాది పనుల పక్కన చదువు పనులు రాసుకోండి

గోడకు ఒక క్యాలెండర్ తగిలించండి. ముందు మీ ఇంటి పనుల కాలం గుర్తుపెట్టండి. అరకు, పాడేరువాళ్లకు నవంబర్ నుంచి జనవరి దాకా కాఫీ పండ్లు ఏరడం. ఆదిలాబాద్ వైపు ఆ నెలల్లోనే పత్తి తీత. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, చింతపండు. ఏప్రిల్, మే నెలల్లో గోదావరి అడవుల్లో తునికాకు. తర్వాత తొలకరి, నాట్లు.

ఇప్పుడు ఇగ్నో క్యాలెండర్ దాని పక్కన పెట్టండి. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. అంతకుముందే అసైన్‌మెంట్లు ఇవ్వాలి, వాటి గడువు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లో వస్తుంది. అంటే తునికాకు కోసే ఇంటికి జూన్ పరీక్ష ముందు చదవడానికి మే నెల దొరకదు. కాఫీ ఇంటికి డిసెంబర్ కష్టం. అందుకని కాఫీ ఇళ్లవాళ్లు డిసెంబర్‌లో రెండే పేపర్లు పెట్టుకుని, మిగిలినవి జూన్‌కు ఉంచుకోండి. తునికాకు ఇళ్లవాళ్లు దీనికి తలకిందులుగా చేయాలి. ఒకేసారి అన్ని పేపర్లూ రాయాలన్న నియమం లేదు. నాలుగేళ్లు పట్టినా డిగ్రీ డిగ్రీయే.

అంబేద్కర్ యూనివర్సిటీ తేదీలు ఏటా మారుతుంటాయి. సెంటర్‌లో అతికించిన నోటీసును ఫొటో తీసుకుని, అదే క్యాలెండర్ మీద రాయండి.

8. పిల్లలు

మూడేళ్లు నిండినవాళ్లకు అంగన్‌వాడీ ఉంది. అది నడిచే వేళ మీకు చదువుకునే వేళ. ఆ సమయాన్ని ఇంటిపనికి ఇచ్చేస్తే రాత్రి దీపం కింద నిద్ర ఆపుకుంటూ చదవాలి. ఇంటిపని పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడూ చేయవచ్చు, చదువు అలా సాగదు. అంతకంటే చిన్నపిల్లలున్న చోట ఆరు నెలల నుంచి చూసుకునే "పాల్నా" శిశు కేంద్రం మీ మండలంలో ఉందేమో ఐసీడీఎస్ ఆఫీసులో అడగండి.

ఆదివారం తరగతి రోజు, పరీక్ష రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే పేరుతో సహా అనుకోండి. "ఎవరో ఒకరు చూస్తారులే" అనుకుంటే ఆ రోజు ఎవరూ ఉండరు. ఇంట్లో అడిగేటప్పుడు "నేను చదువుకుంటాను" అని మాత్రమే అనకండి, "నెలలో ఈ రెండు ఆదివారాలు, జూన్‌లో ఈ నాలుగు రోజులు" అని క్యాలెండర్ చూపించండి. అత్తమామలు చదువుకు అడ్డుపడే కంటే ఎన్నాళ్లు ఇల్లు వదిలి ఉంటుందోనన్న భయంతో అడ్డుపడతారు. రోజులు లెక్కచెబితే సగం భయం పోతుంది.

పాలు తాగే బిడ్డ ఉంటే పరీక్షకు తోడుగా అమ్మనో చెల్లెనో తీసుకెళ్లండి. పరీక్షకు రెండు రోజుల ముందే సెంటర్‌లో మాట్లాడి, బిడ్డతో వాళ్లు ఎక్కడ కూర్చోవచ్చో అడిగి పెట్టుకోండి.

9. చదవడం, రాయడం

సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లిన రోజునే వీడియోలు, పుస్తకాల పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి. ఇగ్నో పుస్తకాలు చాలావరకు దాని వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోస్టులో పుస్తకాలు రాలేదని ఎదురుచూస్తూ నెలలు పోగొట్టుకోవద్దు.

పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, వాటికి జవాబులు వెతుకుతూ పాఠం చదవండి. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుకుంటూ పోతే సమయం చాలదు.

అన్నిటికంటే ముఖ్యం చేత్తో రాయడం. ఏళ్ల తరబడి పెన్ను పట్టని చెయ్యి మూడు గంటల పరీక్షలో మొదటి గంటకే లాగేస్తుంది. తెలిసిన జవాబు కూడా రాయలేక వదిలేసినవాళ్లున్నారు. మొదటి వారం రోజుకు ఒక పేజీ, తర్వాత రెండు, పరీక్ష నెలలో వారానికి ఒకసారి గడియారం పెట్టుకుని పూర్తి పేపర్ రాయండి.

అసైన్‌మెంట్లు పక్కవాళ్లవి చూసి మక్కీకి మక్కీ దించకండి. ఇగ్నోలో వాటికి 30 శాతం మార్కులున్నాయి, మీ మాటల్లో రాస్తే ఆ 30 శాతంతోపాటు పరీక్షకు చదవడమూ అయిపోతుంది. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. సెంటర్‌లో కాగితాలు పోవడం అరుదు కాదు.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా చూసుకోవాలి

చేరిన నెలలోపు ఎన్‌రోల్‌మెంట్ నంబరు వచ్చిందో లేదో చూడండి. ఫీజు కట్టిన రసీదు ఉంటే అడ్మిషన్ ఖాయమైనట్టు కాదు. నంబరు వస్తేనే అయినట్టు.

గుర్తింపు కార్డులో పేరు మెమోతో అక్షరం అక్షరం కలవాలి. తేడా ఉంటే మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టండి. చివర్లో అయితే పట్టా ఆగిపోతుంది.

పరీక్ష ఫారం వేరు, అడ్మిషన్ ఫీజు వేరు. చేరాం కదా, పరీక్ష దానంతటదే వస్తుందనుకుని హాల్‌టికెట్ రాక ఏడ్చినవాళ్లను చూశాను. హాల్‌టికెట్ రాగానే అందులో ఉన్న పేపర్లన్నీ మీరు పెట్టినవేనా, పరీక్ష కేంద్రం మీ స్టడీ సెంటరేనా, వేరే ఊరా అన్నది చూసుకోండి.

రెండో ఏడాదికి మళ్లీ నమోదు చేసుకోవాలి. మొదటి ఏడాది పరీక్షలు రాయకపోయినా, తప్పినా సరే నమోదు ఆపకండి. తప్పిన పేపర్లు తర్వాత రాసుకోవచ్చు. నమోదు తప్పితే ఏడాదే పోతుంది.

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ గ్రేడ్ కార్డులో అసైన్‌మెంట్ మార్కులు కూడా ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే ఇంతకుముందు తీసుకున్న రసీదు, ఫొటోలు పట్టుకుని సెంటర్‌కు వెళ్లండి.

అన్ని పేపర్లూ పాసయ్యాక ప్రొవిజినల్ సర్టిఫికెట్ తీసుకోండి. ఉద్యోగ దరఖాస్తులకు, బీఈడీ ప్రవేశానికి మొదట అడిగేది అదే. డిగ్రీ పట్టా దానంతటదే ఇంటికి రాదు. స్నాతకోత్సవానికి విడిగా ఫీజు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. అప్పటికి చిరునామా మారి ఉంటే పట్టా పంపేలోపే కొత్త చిరునామా, మీ దగ్గరి పోస్టాఫీసు పిన్‌కోడ్‌తో సహా ఇవ్వండి.